గట్టిగా చెప్పమన్న మనిషి

నిన్న తళవాయిపురం బస్సులో ఒక పిల్ల నా పక్కన కూర్చుంది. జడనిండా దూది నలుసులు. ఆ దూది వాసన, మిషన్ ఆయిల్ వాసన కలిసి ముక్కుకు తగలగానే కొండలరాజు గారు కళ్ళముందు నిలబడ్డారు. తమిళనాట మా రాజపాళయం నూలు మిల్లుల్లో ఆయన యూనియన్ నాయకుడు. తోటివాళ్ళంతా ‘తోళర్’ అనేవాళ్ళు, కామ్రేడ్ అన్నమాట. తరవాత ఎమ్మెల్యే కూడా అయ్యారు. చిత్రమేమిటంటే, నేను పనిచేసిన మిల్లు యజమాని ఆయన సొంత చెల్లెలి కొడుకు. పెళ్ళిళ్ళలో ఇద్దరూ ఒకే పంక్తిలో భోంచేసేవారు, మర్నాడు మిల్లు గేటు దగ్గర ఎదురెదురుగా నిలబడేవారు. అదెలా సాధ్యమో నాకిప్పటికీ ఆశ్చర్యమే.

ఆయన ఇంట్లో మాట్లాడేది తెలుగే. కానీ యూనియన్ పనిమీద ఉన్నప్పుడు, తెలుగు రానివాళ్ళు అక్కడ ఒక్కరున్నా సరే, తమిళం తప్ప మాట్లాడేవారు కాదు. “ఈ ఊర్లో తెలుగు చెవిలో చెప్పుకునే బాస అయిపోయినాది” అని విసుక్కునేవారు.

ఆ పట్టుదల విలువ నాకు తెలిసొచ్చిన రోజొకటుంది. నూలు చుట్టే వైండింగ్ సెక్షన్‌లో నాతో పనిచేసే ముత్తులక్ష్మి నిండు చూలాలు. కాసేపు కూర్చుంటానంటే సూపర్‌వైజర్ ఒప్పుకోలేదు. ఆమె మిషన్ దగ్గరే కళ్ళు తిరిగి పడిపోయింది. మేం మిషన్లు ఆపేశాం, మిల్లువాళ్ళు మమ్మల్ని పనిలోంచి తీసేశారు. తోళర్ మమ్మల్నందర్నీ వెంటబెట్టుకుని ఆఫీసు గదికి వెళ్ళారు. మాలో తెలుగుదాన్ని సేత్తూరు నుంచి వచ్చే నేనొక్కదాన్నే.

యజమాని ఆయన వైపు వంగి మెల్లగా తెలుగులో అన్నాడు: “మామా, ఆ సేత్తూరు పిల్ల మన పిల్లే కదా. దాన్ని రేపే రమ్మంటాను. మిగతావాళ్ళ సంగతి విడిచిపెట్టు.”

మాలో ఆ మాట నాకొక్కదానికే అర్థమైంది. ఇంట్లో పొయ్యి వెలిగేది నా జీతంతోనే.

తోళర్ కుర్చీ వెనక్కి జరిపి, “సత్తమా సొల్లు” అన్నారు. గట్టిగా చెప్పు అని. మేనల్లుడు బల్లమీది కాగితాలు సర్దసాగాడు. అప్పుడాయనే మావైపు తిరిగి, విన్న మాటంతా ఒక్క ముక్క వదలకుండా తమిళంలో వినిపించారు. నన్నూ తమిళంలోనే అడిగారు: “ఇది నీ నోటికాడి కూడు. నీ బదులు నేను చెప్పకూడదు. అందరూ వినేట్టు నువ్వే చెప్పమ్మా.”

ముత్తులక్ష్మి తలెత్తలేదు. ఆమె వస్తేనే నేనూ వస్తానన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

“ఇంటికొచ్చిన లచ్చిమిని కాలితో తన్నినావు కదే” అని అమ్మ ఆ ఎండాకాలమంతా సాధించింది. అందర్నీ తిరిగి పనిలోకి తీసుకోమని గేటు బయట కూర్చున్నన్నాళ్ళూ తోళర్ మాతోనే కూర్చున్నారు. చివరికి అందరం కలిసే లోపలికి వెళ్ళాం. మిషన్ల పక్కన స్టూళ్ళు వేశారు. అంత పెద్దమనిషి ఆ గదిలో నా నోటి మాట కోసం ఆగారన్నది తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు గగుర్పొడుస్తుంది.

ఆయన పోయిన రోజు యజమాని స్వయంగా గేటు దగ్గరికి వచ్చాడు. “మా మామ పోయినాడు” అని తమిళంలో, చివరి వరసకు వినబడేంత గట్టిగా చెప్పి ఏడ్చాడు.

నిన్న యూనియన్ పనిమీద నేను వెళ్ళింది నైటీలు కుట్టే ఒక షెడ్డుకు, అక్కడి ఆడవాళ్ళ తరఫున మాట్లాడటానికి. ఓనర్ మన తెలుగువాడే. “అక్కా, మనలో మన మాట...” అంటూ తెలుగులో నా చెవి దగ్గరకు వంగాడు. కుట్టేవాళ్ళంతా తలలెత్తి మావైపే చూస్తున్నారు.

నేను కుర్చీ వెనక్కి జరిపాను.

“సత్తమా సొల్లు, తంబి” అన్నాను.