రాజమ్మక్క తిట్టిన రోజు

కొత్త లుంగీల మూట విప్పగానే గంజి వాసన గుప్పుమంటుంది. వేలూరులోని మా చిన్న దుకాణంలో ఆ వాసనకు తుమ్మేవాళ్ళే ఎక్కువ. నాకు మాత్రం గుడియాత్తంలోని మగ్గాల షెడ్డూ, దాని యజమాని రాజమ్మక్కా కళ్ళముందు నిలబడతారు. ఆమె నోరు తెరిస్తే మగ్గాలు కూడా కాస్త చప్పుడు తగ్గించుకునేవని మేము చెప్పుకునేవాళ్ళం.

ఏడో తరగతిలో నేనూ బడీ ఒకరినొకరు వదిలించుకున్నాం. అప్పటినుంచి నా ఆస్తి రెండే: చేతిలో పని, నోట్లో వేళాకోళం. ఇరవై దాటాక ఒక మరమగ్గం నా కుడిచేతి చివరి రెండు వేళ్ళను తీసుకుంది. గాయం మానింది కానీ నోరు మూతపడింది. నన్ను చూస్తే అందరూ గొంతు తగ్గించేవాళ్ళు. అమ్మ అన్నం కలిపి ముద్దలు పెట్టేది. ఊరంతా ఒక్కసారిగా ఇంత మంచిదైపోతే మనిషి బతికేదెట్లా? నేనిక దేనికీ పనికిరానని వాళ్ళ మంచితనమే రోజూ చెబుతుండేది.

ఒకరోజు రాజమ్మక్క మా గుమ్మం ముందుకు వచ్చింది.

“ఏమప్పా, చుమ్మా, ఊరికే కూర్చోని గోడకు కాపలా కాస్తా ఉండావా? రేపట్నించి అతుకులకు రా.”

“అది ఆడోళ్ళ పని గదక్కా?”

“దానికి బొటనవేలు, చూపుడువేలు చాలు. ఆ రెండూ నీకు ఉండాయి. మీసం అడ్డమొస్తే తీసేసి రా.”

మగ్గం మీద పాత పడుగు అయిపోవచ్చినప్పుడు, దాని కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా పురిపెట్టి కలుపుతారు. నేను చేతిమీద తువ్వాలు కప్పుకొని, దాని కిందే తడుముకుంటూ అతికాను. తీరా నేత మొదలయ్యాక ఎర్రచార రావలసినచోట నీలం దిగింది. అందరూ నా చేతివైపు చూసి, పాపం అన్నట్టు తలలు దించుకున్నారు.

రాజమ్మక్క దించుకోలేదు.

“వేళ్ళు పోయినాయి సరే, కళ్ళు యాడ పెట్టుకున్నావురా? ఆ తువ్వాలు తీసి పారెయ్! అన్నీ ఇప్పి మళ్ళీ అతుకు. అయ్యేదాకా నీకు టీ లేదు పో!”

ప్రమాదం జరిగాక నన్ను తిట్టిన మొదటి మనిషి ఆమే. తిట్టుకు తగినవాడినంటే పనికీ తగినవాడినే కదా! లోపల విరిగిందేదో అతుక్కున్నట్టయింది. తువ్వాలు తీశాను. పక్కన కూర్చున్న కామాక్షక్క నా చేతిని చూసి కళ్ళొత్తుకోబోయింది.

“ఏడవద్దక్కా, ఇంకా ఎనిమిది ఉండాయి. కావాలంటే నీకొకటి ఇస్తా,” అన్నాను.

నెలల తర్వాత నా నోటినుంచి వచ్చిన మొదటి వేళాకోళం అది. ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. రాజమ్మక్క కూడా నవ్వింది. టీ మాత్రం ఇవ్వలేదు.

ఆమె ఇప్పుడు లేదు. పోయిన నెల ఒడుగత్తూరునుంచి ఒకతను మా దుకాణంలో పనికి చేరాడు. బండిమీదనుంచి పడి కాలు ఈడుస్తున్నాడు. మావాళ్ళు అతనికి కుర్చీ వేసి, ఏ పనీ తగలకుండా కాపాడుతున్నారు. విసుగెత్తి తానే కొన్ని లుంగీలు మడిచాడు, అంచుకు అంచు కలవకుండా. అందరూ చూసీ చూడనట్టు ఊరుకున్నారు.

“ఏం నాయనా, దెబ్బ తగిలింది కాలికి గదా, చేతులకేమొచ్చింది? ఇప్పు. మళ్ళీ మడువు,” అన్నాను.

అతను నావైపు గుర్రుగా చూశాడు. తర్వాత కుర్చీని పక్కకు తోసి, లేచి నిలబడి మడవడం మొదలుపెట్టాడు.