క్లెమ్ ఓడ్లింగ్ ఎవరినీ అడగని దారి

హేవర్‌బీ ఊరి దారుల బాగోగులు నేను చూడబట్టి ముప్పై ఒక్క ఏళ్లు. ఇప్పటిదాకా నా చేత్తో రెండు వందల పద్నాలుగు బాణం గుర్తులు కొట్టాను. ఒక్కటీ వంకర పోలేదు. నడిచేవాళ్లకు పసుపు బాణం, గుర్రాలకూ సైకిళ్లకూ నీలం బాణం. కంచె అల్లే పోటీలో జిల్లా కప్పు మూడుసార్లు నాదే. చదివింది ఊరి బడిలోనే, అదీ పదిహేనో ఏటి వరకే. అయినా ఏ బాట ఎక్కడ మొదలవుతుందో తేలకపోతే కౌన్సిల్ ఆఫీసువాళ్లు నాకే ఫోన్ చేస్తారు. ఇంత అనుభవం ఉన్న నేను సాలో లేన్ అనే దారిని నాలుగు నిమిషాల్లో పోగొట్టబోయాను. దాన్ని నిలబెట్టింది మా ఊళ్లోకెల్లా మొరటు మనిషి.

అతను క్లెమ్ ఓడ్లింగ్. ముప్పై ఆరేళ్లు రోడ్ల మీద తారు వేసి బతికినవాడు. ఆదివారం సైకిల్ తీస్తే మాత్రం తారు మీద చక్రం పెట్టేవాడు కాదు. ఎందుకని అడిగితే, "ఆ తారు వేసింది నేనేనయ్యా. దాని కింద ఏముందో నాకు తెలుసు" అనేవాడు. కంకర బాటల మీద సైకిల్ తొక్కడాన్ని ఇప్పుడు పత్రికల్లో గ్రావెల్ బైకింగ్ అని రాస్తున్నారు. దానికా పేరు పుట్టకముందే క్లెమ్ పాత సైకిల్‌కు లావు టైర్లు తొడిగి సుద్దరాళ్ల బాటలు పట్టాడు.

మా వైపు నేల దుప్పటి విదిలించినట్టు ఉంటుంది. గుట్ట ఎక్కి ఊపిరి తీసుకునేలోపు దిగుడు, ఆ వెంటనే ఇంకో గుట్ట. ఆ గుట్టల్లో ఒక్క పెద్ద రోడ్డూ తగలకుండా నలభై ఒక్క మైళ్ల చుట్టు ఒకటి కట్టాడు క్లెమ్. హేవర్‌బీ పిండిమర దగ్గర మొదలై, గొర్రెల బాటల్లో పైకెక్కి, వాగు దాటి, బిన్‌వెల్ టీ కొట్టు దగ్గర ఎండుద్రాక్షలు వేసిన ప్లమ్ బ్రెడ్డూ చీజ్ ముక్కా తిని వెనక్కి తిరగడం. మంగళవారాలూ ఆదివారాలూ అతని వెనక పన్నెండు పదిహేను మంది తొక్కేవాళ్లు. వాళ్లెవరితోనూ అతను మాట్లాడేవాడు కాదు. ఎవరైనా "గుడ్ మార్నింగ్ క్లెమ్" అంటే ఆకాశం చూసి, "చూద్దాంలే" అనేవాడు.

ఆ చుట్టుకు ప్రాణం సాలో లేన్. మాల్ట్‌బీ గారి పొలం నడుమ, రెండు ముళ్లకంచెల మధ్య మైలుంబావు పచ్చిక బాట. అది లేకపోతే లారీల రోడ్డు మీద రెండు మైళ్లు తొక్కాలి. ఆరేళ్ల కిందట ఆ రోడ్డులోనే దుంపల లారీ గాలికి క్లెమ్ కాలవలో పడి భుజం ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఇంకెప్పుడూ ఆ రోడ్డెక్కనని ఆసుపత్రి మంచం మీద అతని చేత మాట తీసుకుంది భార్య ఆవిస్. ఆ మాట దాటే ధైర్యం అతనికి లేదు. కాబట్టి సాలో లేన్ మూతపడితే క్లెమ్ సైకిల్ ఇక కొట్టాంలోకే.

అది మూతపడనే పడింది. మాల్ట్‌బీ గారికి తొంభై ఏళ్లు దాటాక పొలం అమ్మి కూతురింటికి చేరారు. కొన్నవాడు ఫెన్‌విక్. మెత్తని మనిషి, ఆల్పాకాలు పెంచుతాడు. గొర్రె అవుదామా ఒంటె అవుదామా అని ఆలోచిస్తూ మధ్యలో ఆగిపోయినట్టుంటుంది ఆ జంతువు. సైకిళ్లను చూస్తే అవి బెదురుతున్నాయని గేటుకు తాళం వేశాడు.

నేను కౌన్సిల్‌కు అర్జీ పెట్టాను. ఏడాదిన్నర తరువాత ఊరి హాల్లో విచారణ పెట్టారు. చట్టం ప్రకారం జనం ఇరవై ఏళ్లపాటు బలవంతం చేయకుండా, దొంగచాటుగా కాకుండా, అనుమతి లేకుండా ఆ దారిన వెళ్లారని రుజువు చేస్తే అది జనం దారి అవుతుంది. మొదటి రెండు షరతులూ నాకు నచ్చాయి. మూడోది అచ్చుతప్పు అనుకున్నాను.

అందుకే మొదటి సాక్షిగా లేచి గర్వంగా చెప్పాను. "ఆ దారిలో అడుగు పెట్టినప్పుడల్లా టోపీ తీసి మాల్ట్‌బీ గారి అనుమతి అడిగేవాణ్ణి. కావాలంటే ఆయన్నే అడగండి."

ఫెన్‌విక్ తరఫు లాయరు చిరునవ్వుతో, "ఎంత చక్కగా చెప్పారండీ, చాలా సంతోషం" అని కూర్చున్నాడు. అనుమతితో నడిచిన నడక లెక్కలోకి రాదని నా పక్కనున్నవాళ్లు చెవిలో చెప్పేదాకా నేనూ సంతోషంగానే ఉన్నాను. నా తరువాత చర్చి గంటలు మోగించేవాళ్లు నలుగురు వచ్చారు. నలుగురూ మర్యాదస్తులే, నలుగురి సాక్ష్యమూ పోయింది.

మిగిలింది క్లెమ్ వెనక తొక్కినవాళ్లు. మీరు అడిగారా అంటే అందరిదీ ఒకే జవాబు. "ముందు క్లెమ్ ఉన్నాడు కదండీ. అతను అడిగే ఉంటాడనుకున్నాం."

దాంతో అందరి సాక్ష్యమూ క్లెమ్ మీదకు వచ్చి పడింది. అతను ఒక్కసారి అడిగి ఉన్నా అంతా పోయినట్టే.

ఇలాంటి రోజున ఆవిస్ అతనికి కొత్త కోటు తొడిగి, నోరు జారనని ఒట్టు పెట్టించుకుని తెచ్చింది. తలుపు తీసిన మనిషికి థాంక్యూ అన్నాడు. కుర్చీకి కూడా థాంక్యూ అన్నాడు.

"ఓడ్లింగ్ గారూ, మీరు ఎంతో మర్యాద తెలిసినవారిలా ఉన్నారు" అన్నాడు లాయరు.

హాల్లో ఎవరికో పొలమారింది.

"థాంక్యూ" అన్నాడు క్లెమ్, ఆవిస్ వైపు చూస్తూ.

"ఇంతటి మర్యాదస్తులు పరాయి పొలంలోంచి వెళ్తూ ఆ రైతును ఒక్క మాట అడగకుండా ఉంటారా?"

క్లెమ్ మెడ ఎర్రబడింది. "దయచేసి" అన్నాడు. ఆ తరువాత ఏమనాలో ఆవిస్ నేర్పలేదు.

లాయరు ఒక పాత క్రిస్మస్ కార్డు పైకెత్తాడు. "ఇది మాల్ట్‌బీ గారు వదిలి వెళ్లిన బీరువాలో దొరికింది. 'కృతజ్ఞతలతో, ఆవిస్ ఓడ్లింగ్' అని ఉంది. దేనికండీ కృతజ్ఞతలు, దారి ఇచ్చినందుకు కాకపోతే?"

క్లెమ్ వెనక్కి తిరిగాడు. "నువ్వు వాడికి థాంక్స్ చెప్పావా?"

"పాతికేళ్లుగా చెబుతున్నాను. ఏటా ఒక ప్లమ్ బ్రెడ్ కూడా పంపుతున్నాను" అంది ఆవిస్.

"మన ప్లమ్ బ్రెడ్డా?"

"మరి ఎవరింటిది పంపను?"

"అందుకేనా నాకెప్పుడూ మాడిన రొట్టె వస్తుంది?"

విచారణ చేస్తున్న అధికారి, నెరిసిన జుట్టు ఆవిడ, కార్డు మొత్తం చదవమంది. మిగతాది సొంత విషయమని లాయరు నసిగాడు. ఆవిడే తీసుకుని పైకి చదివింది.

"మాల్ట్‌బీ గారికి. మీ కంచె గురించి, మీ గొర్రెల గురించి, మీ నాన్నగారి గురించి క్లెమ్ అన్న మాటలకు మన్నించండి. మిమ్మల్ని అడిగి వెళ్లమని పన్నెండేళ్లుగా పోరుతున్నాను. వినడం లేదు. మీ ఓపికకు కృతజ్ఞతలతో, ఆవిస్ ఓడ్లింగ్."

లాయరు కూర్చున్నాడు. ముందు వరుసలో ఉన్న మాల్ట్‌బీ గారి వైపు తిరిగింది అధికారి. "ఓడ్లింగ్ గారికి మీరు ఎప్పుడైనా అనుమతి ఇచ్చారా?"

"అడిగితే కదమ్మా ఇవ్వడానికి."

"పోనీ, రావద్దని చెప్పారా?"

"వద్దని చెప్పాలన్నా అతనితో మాట్లాడాలి కదమ్మా. నాకూ పనులుండేవి."

ఆవిడ క్లెమ్‌నే అడిగింది. "అసలు మీరెందుకు అడగలేదు?"

క్లెమ్ ఆవిస్ వైపు చూశాడు. ఆవిస్ కళ్లు మూసుకుని, కానివ్వు అన్నట్టు తలూపింది.

"దారి కనబడితే వెళ్తాం. మీరు ఇందాక వచ్చేటప్పుడు వీధిని అడిగొచ్చారా?" అన్నాడు క్లెమ్. పొద్దుటినుంచి బిగబట్టిన ఊపిరి అప్పుడు వదిలాడు.

నాలుగు నెలలకు తీర్పు కాగితం వచ్చింది. సాలో లేన్ నీలం బాణం దారి. ఆ బాణం నేనే కొట్టాను, రెండు వందల పదిహేనోది. మంగళవారం పొద్దున క్లెమ్ ముందూ పద్నాలుగు మంది వెనకా వచ్చారు. ఫెన్‌విక్ పాపం గేటు తీసి పట్టుకుని, "వెళ్లండి, వెళ్లండి" అన్నాడు.

క్లెమ్ బ్రేకు వేశాడు. "వెళ్లమనడానికి నువ్వెవరు?" అన్నాడు. తరువాత స్తంభం మీది బాణం చూసి, నా వైపు తిరిగి, "వంకర" అన్నాడు. గుట్ట మీద కనుమరుగయ్యేదాకా చూస్తూ నిలబడ్డాను. డెబ్బై నాలుగేళ్ల మనిషి, ఎక్కుడులో ఒక్కసారి కూడా సీటు మీద నుంచి లేవలేదు.

రసమట్టం తెచ్చి పెట్టి చూశాను. బాణం తిన్నగానే ఉంది, స్తంభమే కాస్త వాలింది.

మర్నాడు ఆవిస్ రెండు పొట్లాలతో వచ్చింది. ఒకటి ఫెన్‌విక్‌కట. రెండోది నా చేతిలో పెట్టింది. ప్లమ్ బ్రెడ్, పైన కార్డు. "బాణం గురించి క్లెమ్ అన్న మాటకు మన్నించండి."

"ఏం పరవాలేదమ్మా" అన్నాను. స్తంభం సంగతి మాత్రం ఎత్తలేదు. ఆవిస్ చేతి ప్లమ్ బ్రెడ్ మా ఇంటికి రావడం అదే మొదటిసారి.