పద్నాలుగో మగ్గం శాలువ

మధ్యాహ్నం పన్నెండూ నలభైకి హెలికాప్టర్ మమ్మల్ని మంచు మీద దించింది. రెక్కలు ఆగలేదు. నలుగురం దిగాం, నలుగురు ఎక్కారు. ఎక్కేవాళ్ల మొహాలు నల్లగా కమిలి ఉన్నాయి. వాళ్లలో ఒకడు నా భుజం తట్టి ఏదో అన్నాడు. వినపడలేదు. పదిహేడు వేల అడుగుల ఎత్తు. ఫైబర్ గుడిసెలు రెండు, కిరోసిన్ పొయ్యి ఒకటి, మనుషులం పదకొండు మంది. సరిహద్దు పోస్టులో తొంభై రోజుల సైనిక డ్యూటీ.

సూరత్‌లో మగ్గాల పనికి వలసొచ్చిన మావాళ్లు మొదట అడిగేది ఎంతమంది శత్రువులను చంపావని. ఒక్కర్నీ చంపలేదు. అక్కడ మా పని మంచు తవ్వడం, కిరోసిన్ మోయడం, తెల్లారాక అందరూ బతికే ఉన్నారో లేదో చూసుకోవడం. ఈ మాట చెబితే వాళ్ల మొహాలు చిన్నబోతాయి. అందుకే చాలాకాలం నోరు మూసుకున్నాను.

పద్దెనిమిదో రోజు సామాన్లతో పాటు నా పేర ఒక మూట వచ్చింది. సూరత్‌లో మావాళ్లుండే పర్వత్ పాటియా నుంచి. మా నాయన, ఆయనతో పాటు మగ్గాల షెడ్డులో పనిచేసే పదకొండు మంది సిరిసిల్ల వైపు వాళ్లు, సెలవు రోజున తలా ఒక శాలువ నేసి పంపారు. నారింజ రంగు. అంచులో ఎవరి మగ్గం నంబరు వాళ్లు నేశారు. నాయనది పద్నాలుగు. ఆ షెడ్డులో నేసేది పాలిస్టర్ తప్ప ఇంకేముంటుంది? మైనస్ ముప్ఫై చలిలో కప్పుకోమని పాలిస్టర్ పంపారు. అది మావాళ్లకే చెల్లింది.

మా పోస్టు పెద్ద సుబేదార్ సాబ్. ఒక శాలువను వేళ్లతో నలిపి చూశాడు.

"పంపినవాళ్ల మనసు మంచిది," అన్నాడు హిందీలో. "కానీ పొయ్యి సెగ తగిలితే ఇది కరిగి ఒంటికి అతుక్కుంటుంది. ఎవరూ కప్పుకోవద్దు."

ఆర్డర్ ఆర్డరే. సిగ్గుతో మూటను మంచం కిందికి తోశాను.

రేడియో ఆపరేటర్ శ్రీకాకుళం వాడు. పోస్టులో నాతో తెలుగు మాట్లాడే ఒకే ఒక్క మనిషి. నాకంటే ఆరేళ్లు పెద్ద, అన్నా అని పిలిచేవాణ్ణి. కింది పోస్టుకు వెళ్లే దారి గుర్తుకు కర్రలు పాతి జెండాలు కట్టి ఉండేవి. అవి గాలికి పీలికలయ్యాయి. కొత్తవి రావడానికి నెల పడుతుందని రేడియోలో కబురొచ్చింది. ఆపరేటర్ చెవుల మీంచి హెడ్‌ఫోన్లు తీసి నా మంచం కిందికి చూశాడు.

"ఒరే తమ్ముడూ, ఆ మూట జెండాలకి పనికిరాదేటి?"

మా ఇళ్లలో కొత్త బట్టను చేత్తో చింపరు. కత్తెరతోనే కోస్తారు. చేత్తో చింపేది శవం మీద కప్పే గుడ్డ ఒక్కటే. ఆ చలిలో మూడు జతల గ్లవుజులతో కత్తెర పట్టడం కుదరని పని. కత్తితో గాటు పెట్టి లాగాల్సిందే.

"మీ బాబుది సింపకు," అంటూ పద్నాలుగో నంబరు శాలువను మడిచి రేడియో కింద పెట్టుకున్నాడు. "ఇది నాను దాత్తాను. ఇంటికెల్లినపుడు సూపించు."

పదకొండు శాలువలు. నలభై నాలుగు జెండాలు. షెడ్డులో పెరిగినవాణ్ణి కాబట్టి దారం ఊడకుండా ఏం చేయాలో తెలుసు. ప్రతి ముక్క కొసనూ పొయ్యి సెగకు పెట్టి కరిగించాను. వాటిని పాతడానికి రెండు రోజులు పట్టింది.

యాభై రెండో రోజు ఆపరేటర్‌కు దగ్గు పట్టుకుంది. సాయంత్రానికి ఛాతీలో గురగుర. ఆ ఎత్తులో ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. మనిషిని కిందికి దింపడమే మందు. హెలికాప్టర్ ఎగిరే వాతావరణం కాదు, మంచు పగుళ్ల దారిలో మోసుకెళ్లనూ లేం. ఆక్సిజన్ సిలిండర్ ఒకటే ఉంది. మరునాడు ఉదయం ఆరుకు నలుగురం ఒకే తాడు కట్టుకుని కింది పోస్టుకు బయల్దేరాం. రెండు సిలిండర్లు తీసుకుని వెనక్కి తిరిగాం.

పదకొండున్నరకు మంచుతుఫాను కమ్మింది. నేలా ఆకాశమూ ఒకటే తెలుపు. ఎడమ పక్క మంచు పగుళ్లు, పడితే శవం కూడా దొరకదు. ముందున్నవాడు ఒక్కో జెండా కనిపించగానే "నారంగీ!" అని అరిచేవాడు. నారింజ అని. అది వింటేనే మేం కదిలేవాళ్లం. ఒకచోట అరుపు రాలేదు. ఇరవై నిమిషాలు నిలబడిపోయాం. భయమేసింది, నాకోసం కాదు, వీపు మీది సిలిండర్ కోసం. గాలి ఒక్కసారి పక్కకు తిరిగింది.

"నారంగీ!"

మూడూ పదికి పోస్టు చేరాం. మాస్కు పెట్టాక ఆపరేటర్ కళ్లు తెరిచాడు.

"జెండాలు కనిపించాయేటిరా?"

"కనిపించినయన్నా. ఒక్కటి గూడ ఊడలే."

నవ్వాడు. మరునాడు ఉదయం ఐదూ ఇరవైకి పోయాడు. ఎనిమిదింటికి ఆకాశం తేటపడింది, హెలికాప్టర్ బయల్దేరిందని కబురొచ్చింది. ఆ రెండు గంటల నలభై నిమిషాల మీద నాకు ఇప్పటికీ కోపమే.

అన్నను స్లీపింగ్ బ్యాగులో పెట్టి తాడు కట్టాం. పైన కప్పడానికి పోస్టులో శుభ్రమైన బట్ట ఒక్కటే ఉంది. రేడియో కింది నుంచి తీశాను.

ఆ డ్యూటీ ముగిశాక సెలవు మీద సూరత్ వచ్చాను. పర్వత్ పాటియాలో మా సంఘం హాలు ముందు డప్పులు, నా ఫొటోతో పెద్ద ఫ్లెక్సీ. వేదిక మీద కూర్చోబెట్టారు. నాయన మొదటి వరుసలో ఉన్నాడు. ఆరో నంబరు మగ్గం నడిపే మామ మైకు అందుకున్నాడు.

"మేం పంపిన శాలువలు వెచ్చగున్నయా బిడ్డా?"

ఔనంటే అయిపోయేది. కానీ అబద్ధం మోసే ఓపిక నాకు మిగల్లేదు.

"కప్పుకోలే మామా. చింపినం."

ఆడవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు.

"కొత్త గుడ్డ చింపిన్రా? అన్నీ?"

"పదకొండు. నాయనది చింపలే."

"ఏందిరా గిది? అందరియి చింపి మీ అయ్యది దాసుకున్నవా?"

నాయన తల దించుకున్నాడు. ఆయన పన్నెండు గంటల షిఫ్టు నిలబడేది ఆ మనుషుల మధ్యే. రేపు వాళ్ల మొహాలు ఎలా చూస్తాడు? మైకు తీసుకుని అంతా చెప్పాను. జెండాలు, ఇరవై నిమిషాలు, ఐదూ ఇరవై, పద్నాలుగో శాలువ ఎవరి మీద పోయిందీ.

నాయన మెల్లగా లేచాడు.

"కొసలు గాల్చినవా?"

"గాల్చిన నాయనా."

"ఊడలే గద?"

"ఒక్క పోగు ఊడలే."

తల ఊపి కూర్చున్నాడు. ఆరో నంబరు మామ నాకు కప్పడానికి తెచ్చిన శాలువను తిరిగి మడత పెట్టాడు.

"జర అడ్రసు చెప్పు బిడ్డా. ఇది ఆయన తల్లికి పంపుదాం."

అప్పటి నుంచి ఏటా చలికాలం ముందు ఆ షెడ్డులో ఒక తాకా, అంటే ఒక పూర్తి చుట్ట, నారింజ బట్ట నేస్తారు. జెండాల కొలతకు కోసి, కొసలు కాల్చి, మా యూనిట్‌కు పంపుతారు. ఒక శాలువ శ్రీకాకుళం వెళుతుంది. వేదిక మీద నాకేమీ కప్పరు. నేనే వద్దన్నాను. రిటైరయ్యి రింగ్ రోడ్ బట్టల మార్కెట్‌లో వాచ్‌మన్‌గా చేస్తున్నాను. చలికి కాలివేళ్లు ఇంకా మొద్దుబారతాయి. కూలీలు నారింజ తాకాలు నెత్తిన పెట్టుకుని మెట్లెక్కుతుంటే పని ఉన్నట్టు పక్కకు తిరుగుతాను.

ఏం లాభం, కనిపించేది అదే. ఆ ఉదయం అన్నను తాడుతో బిగించి హెలికాప్టర్‌లోకి ఎక్కించాం. తలుపు వేశారు. శాలువ కొస తలుపు సందులో చిక్కుకుని బయటే ఉండిపోయింది. హెలికాప్టర్ లేచింది. తెల్లటి లోయ మీద ఆ కొస రెపరెపలాడింది, అంచులో పద్నాలుగు. నేను చేయెత్తి "నారంగీ!" అని అరిచాను. రెక్కల మోతలో నా అరుపు నాకే వినపడలేదు.