లాడ్ బజార్‌లో సహస్రకు ఊపిరి పాఠం

ఆదివారం, సాయంత్రం ఆరు గంటలు. రేపు ఉదయం ఏడు ఇరవైకి మా సహస్ర స్కూలు బస్సు ఎక్కాలి. చప్పుళ్లకు భయపడే పిల్లలున్న ఇళ్లకు ఇవాళ్టి మా ప్రయాణం పనికొస్తుందేమోనని, గుర్తున్నప్పుడే రాస్తున్నాను.

సహస్ర నా మనవరాలు, మూడో తరగతి. హారన్లు ఒక్కసారిగా మోగితే పిడికిళ్లు బిగించి, ఊపిరి ఆపుకుని, చివరికి కేకలు పెడుతుంది. పోయిన వారం బస్సులో రెండుసార్లు అలా జరిగింది. మూడోసారి జరిగితే బస్సు మాన్పించాల్సిందేనని బస్సు ఆయమ్మ చెప్పింది. కొడుకు, కోడలు పొద్దున్నే ఆఫీసులకు వెళ్తారు; తోడు వెళ్దామంటే నా మోకాళ్లు బస్సు మెట్లు ఎక్కనివ్వవు, రోజూ ఆటో ఖర్చు భరించలేం. బస్సు పోతే స్కూలూ పోయినట్టే. నెమ్మదిగా ఊపిరి తీయడం నేర్పమని డాక్టరమ్మ చెబితే నాలుగు రోజులు ఇంట్లో నేర్పాను. నిశ్శబ్దంలో బాగానే చేసింది. ఇక చప్పుడున్న చోట చేయించాలని నిశ్చయించుకున్నాను. చార్మినార్ పక్కన లాడ్ బజార్‌కు వెళ్దామంటే, గాజులు కొనిస్తే వస్తానంది.

ఇవాళ పొద్దున పదిన్నరకు సంతోష్‌నగర్‌లో ఆటో ఎక్కాం. నూట యాభై అడిగి నూట ముప్పైకి ఒప్పుకున్నాడు.

"గౌలిపుర గల్లీలకెళ్లి తీస్కపోతా అమ్మా, సిగ్నల్ల లొల్లి ఉండది."

"వద్దు బాబూ, సిగ్నళ్లున్న రోడ్డుకే పోనీ."

అతను అద్దంలో నన్ను ఎగాదిగా చూశాడు. "గిట్ల అడిగేటోళ్లను జిందగీల ఫస్ట్ టైం చూస్తున్న!"

మొదటి సిగ్నల్ దగ్గరే పాఠం మొదలుపెట్టాను. నాలుగు లెక్కకు పీల్చాలి, ఆరు లెక్కకు వదలాలి. సహస్ర ఐదుకే వదిలేసింది. "ఆరు అన్న గదా. మల్ల మొదటికెళ్లి," అన్నాను. చార్మినార్ చేరేలోగా అలా ఎనిమిదిసార్లు మొదటికి వెళ్లాం. దాని ముఖం ఎర్రబడితే ఎండ అనుకున్నాను.

ఆటోలు కొంచెం ముందే ఆపేస్తారు. అక్కడి నుంచి లాడ్ బజార్‌కు ఐదు నిమిషాల నడక. పదకొండుకు దుకాణాలు అప్పుడప్పుడే తెరుస్తున్నారు. ఒక ముసలాయన కొట్టులో డజను ఎనభైకి పచ్చగాజులు బేరం కుదిరింది. ఇక్కడ గాజులు కాగితంలో చుట్టి ఇచ్చేయరు. అమ్మినవాళ్లే అరచెయ్యి నొక్కి తొడుగుతారు. రెండు ఎక్కాయి. మూడోది తొడుగుతుండగా వీధిలో సరుకు ఆటో ఒకటి అడ్డం తిరిగింది. వెనక బైకులన్నీ ఒకేసారి హారన్లు కొట్టాయి. సహస్ర పిడికిలి బిగించింది. గాజు పట్‌మని విరిగింది.

"లెక్కపెట్టు! ఒకటి, రెండు..." అన్నాను.

"లెక్క తప్పితే మల్ల మొదటికెళ్లి అంటవ్ నానమ్మా!" ఏడుపు తన్నుకొచ్చింది దానికి. "అందుకే ఊపిరే తీస్తలేను!"

చెంగుతో దాని కళ్లు తుడిచాను.

"టీచరమ్మనా మీరు?" అన్నాడు ముసలాయన.

"ముప్పై ఒక్క ఏండ్లు లెక్కలు చెప్పిన."

"అచ్ఛా. బజార్ల గూడ పరీక్ష పెట్టిన్రు బిడ్డకు!" గాజు ముక్కలు ఏరి పక్కన పెట్టి, సహస్ర వైపు తిరిగాడు. "బేటా, లెక్క నాకిడిసిపెట్టు. పలిగితే నా గాజు పలుగుతది, నీకేం ఫికర్? గరం చాయ్ మీద ఊదినట్టు ఊదు. ఊదుకుంట చెయ్యి ఢీలా ఇడువు."

అది ఊదేదాకా ఆయన ఆగాడు. వేళ్లు మెత్తబడగానే గాజు జారవిడిచాడు. మళ్లీ ఆగాడు. ఒకసారి పొట్టిగా ఊదింది, ఒకసారి పొడుగ్గా. ఆయన దేనికీ తప్పు అనలేదు. బయట హారన్లు ఆగనే లేదు. తొమ్మిదో గాజుకు సహస్ర ముక్కు తుడుచుకుని, "చాచా, ఎర్రవి గూడ ఉన్నయా?" అంది.

తర్వాత నాకూ గాజులు తొడగడానికి చెయ్యి పట్టాడు. వరసగా రెండు విరిగాయి. "మీదే గట్టిగుందమ్మా చెయ్యి!" అని నవ్వాడు. "ఊదు నానమ్మా," అంది సహస్ర. ఊదాను. మూడోది ఎక్కింది.

తిరుగుదారిలో పెద్ద సిగ్నల్ పడింది. చుట్టూ ఒకటే మోత. సహస్ర ఒక చెవి మూసుకుంది, కళ్లలో నీళ్లు తిరిగాయి, కానీ ఊదుతూనే ఉంది. కేక పెట్టలేదు. నేను ఒక్క అంకె కూడా పలకలేదు. పలకకుండా ఉండడం నాకు తేలిక కాలేదు.

నెమ్మది కూడా ఎక్కంలా అప్పజెప్పించుకోవచ్చని అనుకున్నాను. దానికి హారన్ల భయం ఒకటి ఉంటే, నా భయం ఇంకొకటి జతచేశాను. తప్పు నాది కాబట్టి దిద్దుకోవడమూ నా పనే. పిల్లలతో వెళ్లేవారికి ఒక్క సూచన: పదకొండుకు చేరి పన్నెండున్నరకల్లా బయటపడండి, ఆ తర్వాత అక్కడ నడవడానికి చోటుండదు.

ఇక జరగాల్సినవి:

1. ఈ రాత్రే బస్సు ఆయమ్మకు ఫోన్ చెయ్యాలి. సహస్ర ఊదుతుంటే "ఏమైంది" అని అడగవద్దని చెప్పాలి.
2. గాజులు తీసిపెట్టాలి, స్కూల్లో ఒప్పుకోరు. ఊదడానికి గాజులు అక్కర్లేదని సహస్రే చెప్పింది.
3. ఇంట్లో ఎవరూ "నాలుగు, ఆరు" అనకూడదు. ముందుగా నేను.
4. ఏడు ఇరవైకి సహస్ర ఒక్కతే బస్సు ఎక్కుతుంది. నేను ఇంటి గేటు దాటను.