చందాలకు ప్రవేశం లేదు

ఆ రోజుల్లో, అంటే ఫోను చూపిస్తే డబ్బు కదిలిపోయే వసతి ఇంకా రాకముందు, చందాలు అడిగేవాళ్ళు చేతిలో ఫైలు పట్టుకుని నిలబడేవాళ్ళు. ఇప్పుడు పలక లాంటి తెర పట్టుకుని నిలబడుతున్నారు. తేడా అంతే. నవ్వు అదే, దారికి అడ్డంగా చాచిన చెయ్యి అదే, "సార్, ఒక్క నిమిషం" అదే. ఆ నిమిషం ఎప్పటికీ పూర్తికాదని చెన్నైలో ఉద్యోగం చేసే ప్రతివాడికీ తెలుసు. అందుకే ఒక్కొక్కరూ ఒక్కో విద్య నేర్చుకున్నారు. మోగని ఫోను చెవిలో పెట్టుకుని గట్టిగా మాట్లాడుతూ పోయేవాళ్ళు, ఉన్నట్టుండి చెప్పు తెగినట్టు వంగేవాళ్ళు, తమిళం రానట్టు, ఇంగ్లీషు రానట్టు, చివరికి ఏ భాషా రానట్టు మొహం పెట్టేవాళ్ళు. నాకు ఆ విద్యలు రావు. రాకపోవడం కాదు, మనసొప్పదు. నా దారిన నేను పోతూ ఎవరికో జడిసి వేషం వెయ్యడం మా ఇంట్లో లేదు. (మా ఇంట్లో లేనివి అప్పటికి ఇంకా చాలానే ఉండేవి. ఆ సంగతి వేరు.)

మా తాత జార్జి టౌన్‌లో పసుపు, మిరపకాయల టోకు వర్తకుడు. ఆయన గిడ్డంగి ముందు బండ్లు నిలిస్తే ఆ సందులో మనిషి దూరడానికి చోటుండేది కాదట. అడిగినవాళ్ళకల్లా హామీ సంతకాలు పెట్టి, పెట్టిన ప్రతి సంతకానికీ నిలబడి, ఆయన గిడ్డంగినీ ఇంటినీ కూడా పోగొట్టుకున్నారు. మాట మాత్రం పోగొట్టుకోలేదని మా అవ్వ అంటుండేది. నేను పెద్దవాణ్ణయ్యేసరికి మాకు మిగిలినవి మైలాపూరులో ఒక అద్దె ఫ్లాటు, ఎవరూ కూర్చోకూడని తాత నల్లచేవ కుర్చీ, తల దించకుండా నడవాలనే నియమం. ఆ నియమంతోనే నేను రోజూ పొద్దున్నే రైలెక్కి హార్బరు దగ్గర ఒక ఎగుమతి ఆఫీసులో గుమాస్తా పనికి పోయేవాణ్ణి.

మా స్టేషను మెట్ల కింద ఒక అమ్మాయి నిలబడేది. ఏదో పిల్లల చదువు కోసం అనే సంస్థ తరఫున. నేను మనసులో ఫైలమ్మాయి అని పేరు పెట్టుకున్నాను. మొదట తమిళంలో మొదలుపెట్టి, నేను ఫోనులో అవ్వతో మాట్లాడటం విన్నాక తెలుగులోకి దిగింది.

"తెలుగోళ్ళా సార్? మాదీ తెలుగే, తిరువొత్తియూరు. అయితే మీరు కాదనకూడదు."

"తెలుగువాళ్ళయితే కాదనకూడదని ఎవరన్నారు?"

"నెలకొక సినిమా టికెట్టు డబ్బులే సార్. ఈడ ఒక్క సంతకం పెడితే చాలు, బ్యాంకులోనించి దానంతటదే పోతుంది."

మా వంశాన్ని రోడ్డున పడేసిన సంగతినంతా ఆ అమ్మాయి ఒక్క వాక్యంలో చెప్పేసింది. సంతకం, దానంతటదే పోవడం. "పెట్టను" అన్నాను. "ఏం సార్?" అంది. "పెట్టను, అంతే." నా వెంటే మెట్లెక్కుతూ ఫైల్లోని ఫోటో నా మొహం ముందు పెట్టి, "ఈ పిల్లోణ్ణి చూడండి సార్. మీకు మనసనేది లేదా?" అంది. మెట్ల మీది జనమంతా నా మనసు ఎక్కడుందో అన్నట్టు నాకేసి చూశారు. ఇలా కొన్నాళ్ళు నడిచింది. ఒకరోజు మా ఆఫీసువాళ్ళు పక్కనుండగా, "పోన్లేండి సార్, ఈ నెల కొంచెం టైటుగా ఉండాదేమో" అంది. జాలిపడింది. ఊరికి అన్నం పెట్టిన ఇంటి మనవడి మీద, నడిరోడ్డున, పదిమందిలో జాలిపడింది.

ఆ ఆదివారం మా ఫ్లాట్లవాళ్ళ మీటింగు జరిగింది. అద్దెకున్నవాడు అక్కడ నోరు తెరవడం అదే మొదటిసారి. నేను తెరిచాను. బజ్జీలు వేయించుకుంటుంటే గంట కొట్టేవాళ్ళ గురించి, ఆశ్రమాల రసీదు పుస్తకాల గురించి, ఇవ్వనంటే మన మనసు కొలిచేవాళ్ళ గురించి మాట్లాడాను. అందరి కడుపులోనూ ఉన్న మంటే కాబట్టి చప్పట్లు కొట్టారు. సెక్రటరీ బ్యాంకులో పనిచేసి రిటైరైన తమిళాయన. ఆయన్ని పిల్లలంతా రూల్సు మామ అనేవాళ్ళు. ఆయన కళ్ళు మెరిశాయి. వారం తిరక్కుండా మెట్ల దగ్గర బోర్డు వెలిసింది: చందాలు, విరాళాలు అడుగువారికి ప్రవేశం లేదు. మినహాయింపులు లేవు. ఆ రెండో వాక్యం నేను చేర్పించిందే.

అంతలో పురట్టాసి, అంటే తమిళ లెక్కలో వెంకన్న నెల, వచ్చింది. ఆ నెలలో శనివారం మా బోటి ఇళ్ళలో ఒక ఆచారం ఉంది. ఇంటి మగవాడు స్నానం చేసి, నామం పెట్టుకుని, రాగిచెంబుకి కూడా నామం పెట్టి, తులసిమాల చుట్టి, చెప్పుల్లేకుండా బయల్దేరి, గోవిందా అంటూ కనీసం మూడిళ్ళలో బియ్యం ఎత్తాలి. ఆ బియ్యంతోనే పొంగలి వండి వెంకన్నకి పెట్టాలి. ఇంట్లో బస్తాలున్నా సరే, ఆ పూట సొంత బియ్యం పనికిరావు. అంతకుముందు ఏడాది దాకా నాయన ఆటో ఎక్కి జార్జి టౌన్‌లోని పాతవీధికే పోయి, ఎరిగున్న ఇళ్ళలో ఎత్తుకొచ్చేవారు. ఈసారి ఆయన బాత్రూములో జారి, కాలికి కట్టుతో మంచం మీదున్నారు. చెంబు నా ముందుకొచ్చింది.

"నేను పోను అవ్వా. నేను ఒకరి గడపలో నిలబడి అడిగేదా?" అన్నాను.

"ఏం అబ్బయా, మీ తాత కన్నా పెద్దోడివైనావా? ఆయన గుర్రబ్బండి దిగి, చెప్పులిడిచి, వీధంతా తిరిగినాడు. అడగబాకు. పిలువు, నిలబడు. వేస్తే పట్టు, వెయ్యకుంటే పక్కింటికి పో. అంతే."

"నువ్వు ముందు ఏదైనా తిను. నీకు షుగరు."

"పొంగలి దించినాక తింటా." అవ్వ గోడకానుకుని కళ్ళు మూసుకుంది. ఆకలికి ఆమె కళ్ళు తిరిగితే ఏమవుతుందో డాక్టరు మాకు బాగా వివరంగా చెప్పి ఉన్నాడు. నేను చెంబు తీసుకున్నాను.

పాతవీధికి పోయొచ్చేంత వ్యవధి లేదు. పై అంతస్తుతో మొదలుపెట్టాను. మొదటి తలుపు ముందు నిలబడి "గోవిందా" అన్నాను. తలుపుకున్న కంటిలో నీడ కదిలింది. "వేండాం పా, వద్దు, పో" అని లోపలినుంచి ఒక గొంతు. రెండో తలుపు తీశారు, హైదరాబాదు నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ కుర్రాడు. చెంబునీ నన్నూ మార్చి మార్చి చూసి, "అన్నా, మేం వండుకోం. బయటనే తింటం. ఏమనుకోకు" అని, మర్యాదగా, నేను మెట్లు దిగేదాకా తలుపు తెరిచే ఉంచాడు. మూడో ఇంటావిడ ఒక నాణెం తెచ్చి చెంబులో వెయ్యబోయింది. చెంబు వెనక్కి లాక్కున్నాను. ఆవిడ నొచ్చుకుని, "ఇస్తే కూడా తీసుకోడేమిటే" అని లోపలికి చెప్పి తలుపేసింది. కింద రూల్సు మామ నాకోసమే నిలబడి ఉన్నాడు.

"సార్, కంప్లైంట్ వచ్చింది. ఎవరో ఇంటింటికీ తిరిగి అడుగుతున్నారని. చూస్తే మీరు." బోర్డు వైపు వేలు చూపించాడు. "రాయించింది కూడా మీరు."

"నేను చందా అడగలేదు. ఏమీ అడగలేదు."

"మినహాయింపులు లేవు," అని ఆయన నెమ్మదిగా, రుచి చూస్తున్నట్టు చదివాడు. ఆయన తమిళంలో అన్నాడు. నాకు కోపం తెలుగులోనే వచ్చింది. ఖాళీ చెంబుతో, వట్టికాళ్ళతో రోడ్డు మీదికొచ్చాను.

వీధి మలుపులో ఎవరున్నారో వేరే చెప్పాలా? శనివారాలు స్టేషనులో జనం ఉండరని ఫైలమ్మాయి కూరగాయల అంగడి దగ్గరికి మారింది. నా నామం చూసింది, చెంబు చూసింది, ఫైలు చంకలో పెట్టుకుంది.

"ఏం సార్, మీరూ ఫీల్డులోకి దిగినారా?"

జవాబు చెప్పకుండా పోదామనుకున్నాను. కానీ ఆ అమ్మాయి నవ్వు ఆపేసి, "పురట్టాసి చెంబు కదా. మా ఇంట్లో అయితే మా అమ్మే తీస్తుంది. ఎన్నిళ్ళయినాయి?" అంది. చెంబు వంచి చూపించాను. అవ్వ సంగతి కూడా, ఎందుకో, చెప్పేశాను.

"మరి అదే చెప్పాల సార్. తలుపు మూసేలోగా, మా అవ్వకి షుగరు, పస్తుండాది అని చెప్పెయ్యాల. కొంచెం వంగండి. మొహం కొంచెం మెత్తగా పెట్టండి. అట్ట గెడకర్ర మాదిరి నిలబడితే ఎవురిస్తారు?"

"మా అవ్వ ఆకలిని చూపించి నేను అడగను. ఇచ్చేవాళ్ళు ఇస్తారు. వెంటపడను, మనసుందా అని అడగను, సంతకం పెట్టమనను."

"అట్టయితే మా ఆఫీసులో మిమ్మల్ని వారానికే తీసేస్తారు."

"నీ ఫైల్లో ఉన్న పిల్లవాడికి, తనని ఇలా రోజూ మెట్ల మీద చూపిస్తున్నారని తెలుసా?"

ఆ అమ్మాయి ఫైలు తెరిచి ఫోటోని మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. "వాడెవడో నాకేం తెలుసు సార్, ఆఫీసులో ఇచ్చినారు. నేను ఈడ నిలబడకుంటే మా ఇంట్లో జరగదు, అది మాత్రం తెలుసు." ఆ మాట నేను కాదనలేను. (అయినా సంతకం పెట్టి ఉండేవాణ్ణి కాదు.) ఫైలు మూసి తనే అంది: "సరే, వంగబాకండి. ఇంతకీ మీరు ఎట్ట పిలిచినారు? ఈడ ఒకసారి పిలవండి."

"గోవిందా," అన్నాను.

"ఇదేంది సార్, గొణిగినట్టు. మా అమ్మ పిలిస్తే సముద్రంలో పడవలోళ్ళు కూడా తిరిగి చూస్తారు. సిగ్గుపడతా పిలిస్తే దొంగోడనుకుంటారు, తలుపెందుకు తీస్తారు?"

చెంప మీద కొట్టినట్టయింది. నిజమే. పొద్దుటినుంచి నడుము నిటారుగానే ఉంది, గొంతే వంగిపోయి ఉంది. పక్క ఫ్లాటుకి కూడా వినబడకూడదన్నట్టు పిలిచాను. మా తాత వీధంతా వినబడేలా పిలిచి ఉంటాడు. నేను వెనక్కి తిరిగాను. వచ్చిన దారినే నడిచి, మా మెట్ల దగ్గరికి పోయి, సరిగ్గా ఆ బోర్డు కింద నిలబడి, చెంబు గుండెలకి ఆనించుకుని, గొంతు చించుకుని పిలిచాను. గోవిందా. నాలుగంతస్తులూ ఆ పిలుపుని పట్టుకుని మళ్ళీ కిందికి విసిరాయి. పావురాలు లేచిపోయాయి. రెండోసారి పిలిచేసరికి రూల్సు మామ బనీనుతో పరుగెత్తుకొచ్చాడు. మూడోసారికి ఆయన వెనకే ఆయన భార్య, మేమంతా మామి అనే ఆవిడ, చేటనిండా బియ్యంతో వచ్చింది.

"బోర్డు చూడు," అన్నాడాయన.

"ఆ అబ్బాయి ఏమడిగాడు? దేవుణ్ణి పిలిచాడు. మీరు కాస్త జరగండి," అంది మామి. ఆయన జరిగాడు. బియ్యం చెంబులో పడిన చప్పుడు నాకు ఇప్పటికీ వినబడుతుంది.

తర్వాత పైనుంచి తలుపుల చప్పుళ్ళు. ఇందాక వద్దు పొమ్మన్న గొంతు మనిషి రూపంలో దిగొచ్చి, "నువ్వా? ఎవరో అనుకున్నాను పా" అంటూ ఇడ్లీబియ్యం పోశాడు. చివరికి హైదరాబాదు కుర్రాడు మెట్లు రెండేసి దూకుతూ వచ్చాడు. "అన్నా, మా రూమ్మేటు బిర్యానీకని బాస్మతి తెచ్చిపెట్టిండు. నడుస్తదా?" నడుస్తుందన్నాను. మూడిళ్ళయ్యాయి.

మూడురకాల బియ్యంతో వండిన పొంగలి ఎలా ఉంటుందో వండినవాళ్ళకే తెలుస్తుంది. మామి పచ్చిబియ్యం గుజ్జయ్యాయి, ఇడ్లీబియ్యం పలుకుగానే ఉన్నాయి, బాస్మతి గింజలు ఎవరితోనూ కలవకుండా పొడుగ్గా పడుకున్నాయి. అవ్వ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలింది. "మీ తాత తెచ్చినప్పుడు కూడా ఇట్టే ఉండేది. దరిద్రంగా," అంది. మళ్ళీ కొంచెం పెట్టమంది.

బోర్డు తీసెయ్యమని నేను అడగలేదు. అందులో రాసింది తప్పని నేను ఈనాటికీ అనుకోవడం లేదు. చెంబు ఆ ఏడాది నుంచి నాదే అయింది. ఫైలమ్మాయి ఆ తర్వాత కూడా అడిగింది, నేను కాదన్నాను, కానీ వెంట మెట్లెక్కడం మానేసింది. కొన్నాళ్ళకి ఆ చోట వేరే మనిషి కనబడ్డాడు.

మొన్న ఒక కుర్రాడు తెర పట్టుకుని అడ్డం వచ్చాడు. చెప్పిందంతా విని, కళ్ళలోకి చూసి, "ఇవ్వను" అన్నాను. వాడు బిత్తరపోయి, "థాంక్స్ సార్, పొద్దుటినుంచి అబద్ధం చెప్పనివాళ్ళు మీరొక్కరే" అన్నాడు. ఆ మాటకి ఛాతీ ఎంత పొంగిందంటే, దాన్ని మెల్లగా మోసుకుంటూ మెట్లెక్కేసరికి నా రైలు వెళ్ళిపోయింది. తర్వాతి రైలు వచ్చేదాకా ప్లాట్‌ఫారం మీద, బెంచీలన్నీ ఖాళీగా ఉన్నా కూర్చోకుండా, ఒక్కణ్ణే నిటారుగా నిలబడ్డాను. అప్పుడు నన్ను చూసి నవ్వుకోవడానికి నేను తప్ప ఎవరూ లేరు.