జోలె మోసే దాసరి

మా పెద్దమ్మ పోయింది. కొల్లాపూర్ సంత నుంచి వస్తుంటే మా ఊరాయన ఒకాయన ఎదురై, "మీ పెద్దమ్మ కాలం జేసింది, జల్ది నడువు" అన్నాడు. నేను చేరేసరికి ఆడవాళ్ళు స్నానం చేయిస్తున్నారు. ఆమె రొండిన దోపుకున్న అగ్గిపెట్టె తీసి నా చేతిలో పెట్టారు. తెరిస్తే లోపల పేడపురుగు, బతికే ఉంది. గడప దాటించి వదిలేశాను.

ఆమె మా అమ్మకు అక్క. చిన్నవయసులోనే పెదనాయన పోయాడు, పిల్లలు లేరు, ఒక్క అక్షరం ముక్క రాదు. ఊళ్ళో పురుగులామె అంటే ఎవరైనా ఇల్లు చూపించేవారు. వెక్కిరింతకు పెట్టిన పేరే అది. కాని పిల్లల చెవిలో ఏదన్నా దూరితే మాత్రం ఆ నోళ్ళే "అవ్వా, జర రావే" అని బతిమాలేవి.

ఆమెకు వచ్చిన విద్య ఒకటే, చూడడం. నీళ్ళకు పోతూ పోతూ ఒక చీమలబారు దగ్గర కూర్చుండిపోయేది. "కంచంల కూడు సల్లారినా నీకు సోయుండదు" అని మా అమ్మ విసుక్కుంటే, "కూడు యాడికి వోదు చెల్లె, గిదైతె పోతది" అనేది. తొలకరికి ఎర్రటి ఆరుద్ర పురుగులు బయటికొస్తే మేమంతా పట్టుకుని ఆడుకునేవాళ్ళం. ఆమె మాత్రం కాళ్ళు లెక్కపెట్టమనేది. ఎనిమిది. "ఆరుంటె చీమకు చుట్టం, ఎనిమిదుంటె సాలీనికి చుట్టం" అని మాకు చుట్టరికాలు కలిపి చెప్పేది.

ఒకసారి ఊరికి పురాణం చెప్పే అయ్యగారు వచ్చాడు. కందిరీగ ఒక పురుగును పట్టుకొచ్చి మట్టిగూట్లో పెట్టి చుట్టూ ఝుమ్మని తిరుగుతుందనీ, దాన్నే తలచుకుని తలచుకుని ఆ పురుగు కందిరీగ అయిపోతుందనీ, మనమూ భగవంతుణ్ణి అట్లా తలచుకోవాలనీ చెప్పాడు. అందరూ చెంపలేసుకున్నారు. పెద్దమ్మ లేచి నిలబడింది.

"గట్ల గాదు అయ్యగారూ. మా ఇంటి దూలానికి గూళ్ళున్నయి. దినానికొకటి పలగ్గొట్టి చూసిన. ఈగ అండ్ల గుడ్డు వెడ్తది. పిల్ల పుట్టి పురుగును తింటది. పురుగు ఈగ గాలే, ఈగ కడుపులకు వోయింది."

"దేవుని మాటకే ఎదురు చెప్తావా?" అన్నాడాయన.

"దేవుని మాటకు గాదయ్యా. దేవుడు జేసిందే జూసిన."

సభలో నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను.

మా నాయిన పోయిన ఏటి సంగతి ఇక చెప్పాలి. మూడెకరాల చెల్క నా చేతికొచ్చింది, ఆముదం వేశాను. పండితే ఇల్లు నిలుస్తుంది, లేకుంటే నేను దొర దగ్గర జీతానికి కుదరాలి. అట్లా కుదిరినవాడు మళ్ళీ తన చెల్కలో నాగలి పట్టడం మా ఊళ్ళో ఎవరూ చూడలేదు. భాద్రపదంలో దాసరి పురుగు పడింది. నడుము ఎత్తి వంచి, దండాలు పెట్టినట్టు నడుస్తుంది గనుక ఆ పేరు. దండాలు పెడుతూనే ఆకంతా తిని ఈనెలు మిగులుస్తుంది. ఊరంతా ఏరి, గంపలకెత్తి కాలబెట్టడం మొదలుపెట్టారు. కొన్ని పురుగుల తోక కింద బియ్యపు గింజంత మట్టిరంగు ముడి ఒకటి అంటుకుని ఉండేది. అవి గుడ్లనీ, ముందు వాటినే కాల్చాలనీ పెద్దమనుషులు తేల్చారు.

పెద్దమ్మ మా చెల్కకు వచ్చి పొద్దంతా సరిగ్గా వాటినే ఏరి గంపకెత్తింది.

"గుడ్లు గావు బిడ్డా. రెక్కలొచ్చినంకనే గుడ్లు వెడ్తది, పురుగున్నప్పుడు యాడివి? గిది జోలె. దీని కడుపుల ఇంకో పురుగు వెరిగి, బయటికొచ్చి గీ జోలెల పండుకున్నది. రేపు సన్న ఈగయి లేస్తది, గివే పురుగులను పడ్తది. జోలె మోసే దాసరిని సంపకు. తీస్కపోయి చేన్ల ఇడువు."

పురుగులను నా చేలోనే వదలమంటుంది! నాకు ఒళ్ళు మండింది. గంప లాక్కుని మంటలో వేశాను. అక్కడితో ఆగినా బాగుండేది. "పిల్లలు లేనిదానివి, కడుపు కాలుడు నీకేం ఎరుక?" అన్నాను.

ఆమె చెంగులో మిగిలినవాటిని తీసుకుని తూర్పు మూలకు పోయి, ఒక్కొక్కటిగా ఆకుల మీద పెట్టి ఇంటికి వెళ్ళిపోయింది. కోపంతో నేను ఆ మూలకు ఏరడానికి కూడా పోలేదు.

రెండెకరాలు మోళ్ళయినాయి. ఆ మూల ఎకరం చిగురు పెట్టి, గెలలు వేసి, నన్ను జీతం నుంచి తప్పించింది. మొదట చిగుళ్ళు కనబడ్డ రోజే అక్కడి ఆకు ఒకటి తెంపుకుని ఆమె ఇంటికి పోయాను. నేనన్న మాటకు ఏమంటుందోనని దారి పొడుగునా భయం.

"పెద్దమ్మా, నీ మాటనే నిజమైంది" అన్నాను.

ఆకు తిరగేసి చూసింది. ఎండిన దాసరి, దాని కింద జోలె.

"ఆ గంపల ఎన్నుండెరా?" అంది.

"ఏ గంప?"

"నువ్వు మంటలేసింది."

నేనన్న మాటను ఆమె ఆ రోజు ఎత్తలేదు, తర్వాత ఎన్నడూ ఎత్తలేదు. తప్పయిందని నేను చెప్పనూ లేదు. చెప్పవలసింది. ఇన్నేళ్ళూ ఒకే ఊళ్ళో ఉండి చెప్పలేకపోయాను.

ఆమె ఆకును ఎండలోకి ఎత్తి, ఆ జోలెను నాకు చూపించింది. కొసన గుండ్రటి చిన్న మూత, లోపలి నుంచి కోసుకుని తెరుచుకుంది. లోపల ఏమీ లేదు.

"ఒకడైతె ఎగిరిండు" అంది, ముఖమంతా నవ్వుతో.