కుట్టు లోపలి రంగు

మొన్న మధ్యాహ్నం జగిత్యాలలోని మా కొట్టు కౌంటరు మీద ఒక యువకుడు గుడ్డ మూట విప్పగానే కలరా ఉండల వాసన గుప్పుమంది. ఆ వాసనకు ముక్కు చిట్లించుకునేవాళ్లే ఎక్కువ. నాకు మాత్రం అది తగిలితే చాలు, దోహాలో ఫరీజ్ బిన్ మహమూద్ సందులోని యూనిఫాం కొట్టు, అందులో కిటికీ పక్కన చెక్క చట్రం ముందు వంగి కూర్చుని జరీ పని చేసుకునే ఇబ్రహీం మాస్టర్ కళ్లముందు నిలుస్తారు. మూట తెచ్చిన అన్వర్ ఆయన మనవడే. మూటలో ఉన్నది మాస్టర్ పెళ్లినాటి షేర్వాణీ. తన పెళ్లికి తాత షేర్వాణీయే వేసుకుంటానని, భుజాలు కాస్త వదులు చేసి, చంక దగ్గర చిరుగు కుట్టి ఇవ్వమని అన్వర్ అడిగాడు. పని మొదలుపెట్టే ముందు ఆ మనిషి గురించి నాలుగు మాటలు రాయకపోతే నా చెయ్యి కదిలేట్టు లేదు.

చమురు ధర పెరిగి దోహా నిండా క్రేన్లు లేచిన రోజులవి. నేను కటింగ్ పని వచ్చినవాడినని చెప్పుకుని అక్కడికి వెళ్లాను. ఖతర్ అని ఎంత చెప్పినా మా ఊళ్లో అందరూ నన్ను దుబాయ్ రాజం అనే పిలిచారు, ఇప్పటికీ అలాగే పిలుస్తారు. మా కొట్టులో కంపెనీ గార్డులకు, హోటల్ తలుపుల దగ్గర నిలబడేవాళ్లకు, బడి బ్యాండు పిల్లలకు యూనిఫాంలు కుట్టేవాళ్లం. నేను గుడ్డ కత్తిరించేవాడిని. వెండి తీగతో భుజాల మీది పట్టీలు, టోపీ బిల్లలు చేయడం మాస్టర్ పని. ఆయనది కోరుట్ల. వాళ్ల తండ్రి నిజాం జమానాలో సైన్యానికి బిల్లలు కుట్టాడట. ఇంట్లో దక్కనీ ఉర్దూ, బయట మన తెలుగు. రెండూ ఒకే వాక్యంలో కలిపినా ఆయన నోట ఇంపుగానే ఉండేవి.

నేను తొందర మనిషిని. ఆయన నిదానం చూస్తే నాకు ఒళ్లు మండిపోయేది. పాత బట్టకు చిన్న మరమ్మతు వచ్చినా సరే, దారం పెట్టె తెరిచే ముందు కుట్టు కొస కాస్త విప్పి లోపలికి తొంగి చూసేవారు. బయట ఎండకు వెలిసిన రంగు ఒకటి, కుట్టులో మడతపడి ఎండ తగలని రంగు ఇంకొకటి. ఆ రెండూ చూశాకే దారం ఎంచేవారు. బయటివాళ్లకు కనిపించే రంగుకు సరిపెడితే చాలదా అని నేను సణిగేవాడిని. ఆయన నవ్వి ఊరుకునేవారు తప్ప ఎప్పుడూ వాదించలేదు.

ఒకసారి నిర్మల్ వైపు నుంచి వచ్చిన మల్లేశం అనే వాచ్‌మన్ కొట్టుకు వచ్చాడు. ఇంటికి ఫోటో పంపాలట, భుజం మీద పోలీసు ఆఫీసరుకున్నట్టు నక్షత్రాలు పెట్టమన్నాడు. ఫోటో దిగగానే పీకేస్తానని బతిమాలాడు. నేనైతే ఆ క్షణమే పెట్టి పంపేవాడిని. మాస్టర్ నక్షత్రాలు పెట్టలేదు. ఊరికే పంపనూ లేదు. బ్యాండు బట్టల్లో మిగిలిన ఎర్రటి పట్టు తాడును చక్కగా అల్లి, మల్లేశం భుజం కింది నుంచి జేబు దాకా వేలాడదీశారు. అద్దంలో చూసుకుని మల్లేశం మీసం దువ్వుకున్నాడు. వాడు వెళ్లాక మాస్టర్ నాతో అన్న మాట గుర్తుంది. "వానికి మంచిగ కనవడాలె, గంతే గదా రాజం. దానికి ఇంకోని బిల్ల ఎందుకు?"

వెర్నర్ సాబ్ మా కొట్టుకు పాత గిరాకీ. జర్మనీ దేశపు ఇంజనీరు, చమురు కంపెనీలో పని. డ్రైవర్ల బట్టలు కుట్టించడానికి వచ్చేవాడు. గల్ఫ్ అరబ్బీ, హిందీ, ఇంగ్లీషు కలగలిపి మాస్టర్‌తో గంటలకొద్దీ ముచ్చటపెట్టేవాడు. ఆ ఏడు సెలవు నుంచి తిరిగి వచ్చినప్పుడు ఒక రేకు పెట్టె తెచ్చాడు. అందులో బూడిద పచ్చని ఉన్ని కోటు, దాని నిండా ఇదే కలరా ఉండల వాసన. పెద్ద యుద్ధంలో వాళ్ల నాన్న వేసుకున్నదట. అమ్మ పోయాక ఇంట్లో దొరికింది. కాలర్ పట్టీలనూ భుజం పట్టీలనూ అక్కడక్కడ పురుగు కొట్టేసింది.

చాయ్ తాగుతూ ఆ గుర్తులన్నీ ఎలా పోల్చుకోవాలో ఆయన మాకు విప్పి చెప్పాడు. ఆ సైన్యంలో భుజం మీద వెండి అల్లికా పసుపుపచ్చ నక్షత్రాలూ ఉన్నవాళ్లంతా యుద్ధం చేసేవాళ్లు కారు. జీతాలు పంచేవాళ్లు, మందులిచ్చేవాళ్లు, సైనిక కోర్టులో తీర్పులు చెప్పేవాళ్లు, ఇలా చాలామంది ఉద్యోగులకు ఆఫీసర్ల బట్టల్లాంటి బట్టలే ఇచ్చారు. దూరం నుంచి చూస్తే తేడా తెలియదు. దగ్గరికి వస్తే పట్టీ కింద ముదురు ఆకుపచ్చ గుడ్డ కనిపిస్తుంది. అది ఉంటే మనిషి ఉద్యోగి అన్నమాట. నక్షత్రాలను బట్టి హోదా తెలుస్తుంది. ఆకుపచ్చ పక్కన సన్నగా నడిచే రెండో రంగును బట్టి శాఖ తెలుస్తుంది. తెలుపైతే జీతాల శాఖ, నలుపైతే యంత్రాల పని, లేత నీలమైతే కోర్టు. మాస్టర్ పండగ పూట పిల్లాడిలా వింటూ కూర్చున్నారు. డాక్టరుకు ఏముండేదని అడిగారు. డాక్టరు నిజమైన ఆఫీసరేననీ, భుజం మీద కర్రకు చుట్టుకున్న పాము ఉండేదనీ వెర్నర్ సాబ్ చెబితే, పామును చూసి రోగి భయపడడా అని మాస్టర్ మురిసిపోయారు.

నవ్వులు అయ్యాక వెర్నర్ సాబ్ అసలు సంగతికి వచ్చాడు. ఆయన కొడుకు యూనివర్సిటీలో చదువుతున్నాడు. తాత సైనిక కోర్టులో జడ్జి అనీ, యుద్ధం చేయలేక పారిపోయిన కుర్రాళ్లకు మరణశిక్షలు వేశాడనీ ఎక్కడో విని తండ్రిని నిలదీశాడు. అదంతా అబద్ధం, మీ తాత జీతాలు పంచాడు, మా అమ్మ చిన్నప్పటి నుంచీ నాకదే చెప్పింది అని ఈయన అరిచాడు. కొడుకు మాట్లాడటం మానేశాడు. ఇప్పుడు ఈ కోటు దొరికింది, పట్టీ అంచు తెల్లగా ఉంది. పురుగు తిన్నచోట అతికించి, అంచుకు కొత్త తెల్ల పైపింగ్ వేసి ఇస్తే కొడుకు ముందు పెడతానన్నాడు.

తర్వాతి రోజు మధ్యాహ్నం విరామం అయ్యాక కొట్టు తెరిచాం. మాస్టర్ అలవాటు ప్రకారం భుజం పట్టీ కొసను, చెయ్యి కలిసే కుట్టులోకి దూరిన చోట, కాస్త విప్పారు. తర్వాత నన్ను పిలిచి కిటికీ వెలుగులో చూపించారు. బయట తెల్లగా ఉన్న అంచు కుట్టు లోపల తెల్లగా లేదు. ఉతికిన చొక్కాకు నీలిమందు పెట్టినట్టు లేత నీలం. ఎన్నో ఏళ్ల ఎండ బయటి నీలాన్ని తినేసింది, లోపలిది అలాగే మిగిలింది.

లేత నీలమంటే కోర్టు. వెర్నర్ సాబ్ తెల్లదే అడిగాడు, తెల్లదే కుట్టి ఇవ్వమన్నాను. తండ్రీ కొడుకులు కలుస్తారు, మనకేం పోయిందన్నాను. మాస్టర్ కోపం తెచ్చుకోలేదు. సూది చట్రానికి గుచ్చి నా వైపు తిరిగారు.

"కుట్టొస్తది రాజం. గాని రేపు ఆ పోరడు నా లెక్కనే కుట్టు ఇప్పి జూస్తె? అప్పుడు తాత సంగతి పక్కకు పోతది, తండ్రే అబద్ధమాడినట్టయితది. గాయినకు మిగిలింది ఒక్క కొడుకు."

మరైతే ఏం చెబుతారని అడిగాను. తనకు చెప్పడం రాదన్నారు.

సాయంత్రం వెర్నర్ సాబ్ వచ్చాడు. మాస్టర్ ఆయనకు కిటికీ దగ్గర తన పీట ఇచ్చి, కోటు ఒళ్లో పెట్టి, కుట్టు విప్పే చిన్న బ్లేడు చేతికిచ్చారు. రెండో భుజం ముట్టుకోలేదు, అది మీరే విప్పండి అన్నారు. వెర్నర్ సాబ్ మా ఇద్దరి మొహాలూ చూశాడు. ఇంజనీరు చేతులు కదా, నిదానంగా ఒక్కొక్క కుట్టే తెంపాడు. లోపలి నీలం బయటపడ్డాక ఆ రంగు అర్థం మేమెవ్వరం చెప్పనక్కర్లేదు. దాన్ని మాకు నేర్పింది ఆయనే.

ఆయన బ్లేడు పక్కన పెట్టాడు. "అమ్మ ప్రతి వేసవిలో దీన్ని పెరట్లో ఎండకు వేసేది. పురుగు పట్టకుండా అనేది."

మాస్టర్ ఆయన పక్కనే నేల మీద కూర్చుని, ఆయన మోకాలి మీద చెయ్యి వేశారు. అంత పెద్ద ఇంజనీరు మా కొట్టులో వెక్కి వెక్కి ఏడ్చాడు. నేను చాయ్ పెట్టే మిషతో లోపలికి తప్పుకున్నాను.

తర్వాత వెర్నర్ సాబ్ తెల్ల పైపింగ్ వేయగలరా అని మరోసారి అడిగాడట. వేస్తానన్నారట మాస్టర్, అడిగినవాడు మీరు, తీసుకెళ్లేవాడూ మీరే అని. ఆయన ఆలోచించి ఆలోచించి, పురుగు తిన్నది మాత్రం బాగు చేయండి, అంచు ముట్టుకోకండి, నేను విప్పిన కుట్టు విప్పినట్టే ఉంచండి అన్నాడు. మాస్టర్ వెండి తీగతో ఆ చిల్లులు పూడ్చిన తీరు ఈనాటికీ నాకు చేతకాదు. పురుగు ఎక్కడ తిన్నదో వెతికినా దొరకదు.

సెలవుకు వెళ్లి వచ్చాక వెర్నర్ సాబ్ నేరుగా కొట్టుకే వచ్చాడు. కొడుకు ముందు కోటు పెట్టి నువ్వు విన్నది నిజమే అని చెప్పాడట. కొడుకు కుట్టు లోపల చూసి, దీన్ని విప్పిందెవరని అడిగాడు. నేనే అన్నాడు ఈయన. కొడుకు ఇంకేమీ అడగలేదట, కౌగిలించుకోనూ లేదట. కానీ తిరుగు ప్రయాణం రోజు పెట్టె మోసుకుంటూ విమానాశ్రయం దాకా వచ్చాడట. ఇది చెబుతుంటే ఆయన మొహం వెలిగిపోయింది. మాస్టర్ మొహం అంతకన్నా వెలిగిపోయింది.

నేను ఇప్పటికీ మాస్టర్‌తో మనసులో వాదిస్తూనే ఉంటాను. తెల్లది కుట్టి ఉంటే వెర్నర్ సాబ్ ముసలి ప్రాణం హాయిగా ఉండేది కదా అని ఒక్కోసారి అనిపిస్తుంది. అయినా నా కొట్టులో దారం ఎంచే ముందు కుట్టు విప్పి చూడనిదే నా చెయ్యి కదలదు. ఎవరికైనా చేదు మాట చెప్పాల్సి వస్తే ముందు వాళ్లకు కూర్చోవడానికి పీట వేస్తాను. ఈ రెండూ ఆయన పెట్టిన అలవాట్లే. కోరుట్లలో ఆయన కన్నుమూసినప్పుడు నేను తండ్రి పోయినట్టే ఏడ్చాను, చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

మొన్న అన్వర్ షేర్వాణీ కౌంటరు మీద పరిచి, బిస్కెట్ రంగు దారం ఉందా అంకుల్ అని అడిగాడు. నేను పీట వేసి కూర్చోబెట్టి, బ్లేడు చేతికిచ్చాను.

"నువ్వే ఇప్పు బేటా," అన్నాను.

భుజం చివర కుట్టు విప్పేసరికి లోపల ఉల్లిపొర రంగు మెరిసింది. ఎప్పుడూ తెల్ల లాల్చీలోనే చూసిన ఆ మనిషి పెళ్లిలో గులాబీ షేర్వాణీ వేసుకుని తిరిగారంటే అన్వర్ నమ్మలేక నవ్వాడు, నేను కళ్లు తుడుచుకుంటూ నవ్వాను. అప్పుడు చిక్కు సంగతి చెప్పాను. భుజాలు వదులు చేస్తే లోపల మడిచిన గుడ్డ బయటికి వస్తుంది, రెండు భుజాల మీదా గులాబీ చార కనిపిస్తుంది, కావాలంటే పైన జరీ పట్టీ వేసి కప్పేస్తాను అన్నాను.

అన్వర్ ఆ రంగును వేలితో నిమిరాడు.

"కప్పకుండ్రి అంకుల్. గట్లనే ఉండనియ్యుండ్రి."

నేను ఉల్లిపొర రంగు దారం కోసం పెట్టె తెరిచాను.